భోషాణం గుమ్మంలోంచి రాదు: పాత పెట్టెలు, పాత బీరువాలు, తాళంచెవుల కథ

ఈసారి ఎపిసోడ్ ఒక టేపు కొలతతో మొదలుపెడతా. మా ఊరి పాత ఇంట్లో నడవలోంచి లోపలి గదికి వెళ్లే గుమ్మం వెడల్పు 33 అంగుళాలు. ఆ గదిలో ఉన్న భోషాణం వెడల్పు 36 అంగుళాలు, ఎత్తు 36 అంగుళాలు, పొడవు ఐదున్నర అడుగులు. అడ్డంగా తిప్పండి, నిలువుగా లేపండి, పక్కకి పడుకోబెట్టండి, ఎలా చేసినా అది ఆ గుమ్మంలోంచి బయటికి రాదు. గదికి ఉన్న ఒక్క కిటికీ ఇంకా చిన్నది. బీటెక్ చదివిన బుర్ర కదా, నాకు మొదట వచ్చిన డౌటు ఒకటే. మరి లోపలికి ఎలా వెళ్లింది?

వెళ్లలేదు. అక్కడే పుట్టింది. వడ్రంగి వచ్చి, చెక్క తెచ్చి, ఆ గదిలోనే కూర్చుని నెలల తరబడి చేశాడు. అది బయటికి రాకూడదనే అక్కడ చేయించారు. పెట్టెలో ఏం ఉన్నా, పెట్టెనే ఎత్తుకుపోయే వీలు దొంగకి ఉండకూడదు కదా.

ఇదంతా నా తలకెక్కింది మొన్న మియాపూర్‌లో ఫ్లాట్‌లోకి దిగాక. రెండు బెడ్రూములు, బట్టలు పెట్టుకోవడానికి చోటు లేదు. ఇంటీరియర్ వాళ్లని అడిగితే వార్డ్‌రోబులకి లక్షా ఎనభై వేలు అన్నారు. లోపల వాడేది రంపప్పొట్టు, జిగురు కలిపి నొక్కిన బోర్డు. నీళ్లు తగిలితే బిస్కెట్ లాగా ఉబ్బుతుంది. ఆ డబ్బుకి పాత చెక్క సామాను కొనుక్కుందాం, వింటేజ్ లుక్కూ వస్తుంది అనుకున్నా. నెల రోజులు షాపులు తిరిగా. తిరిగిన కొద్దీ తెలిసింది ఏంటంటే, పాత పెట్టె అందంగా ఉందా లేదా అని చూస్తే సరిపోదు. అందులో ఏం దాచడానికి చేశారు, ఎవరికి అందకుండా దాచడానికి చేశారు అని అడగాలి. అది తెలిస్తే మీ ఇంట్లో అది పనికొస్తుందో లేదో కూడా తెలుస్తుంది.

మా ఊరు పర్చూరు వైపు. 1970 ఫిబ్రవరి దాకా గుంటూరు జిల్లా. తర్వాత ఒంగోలు జిల్లా. 1972లో ఆ జిల్లాకి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు కాబట్టి ప్రకాశం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. ఊరు మాత్రం అంగుళం కదల్లేదు, మా భోషాణం లాగే.

పెట్టెల దగ్గరికి వెళ్లేముందు ఒక గొయ్యి గురించి చెప్పాలి. పాతర. రేగడి నేలల్లో జొన్నలు పండించే ఊళ్లలో ధాన్యం దాచేది భూమిలోనే. గొయ్యి తవ్వి, లోపల మంట పెట్టి గోడలు ఆరబెట్టి, చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, పైన మళ్లీ గడ్డి వేసి మట్టితో మూసేసేవాళ్లు. గాలి ఆడదు కాబట్టి పురుగు బతకదు. కానీ మనిషి కూడా బతకడు. పాతర తెరిచిన వెంటనే ఎవరూ దిగకూడదు, లోపల చెడు గాలి ఉంటుంది. కాసేపు వదిలేసి, దీపం దించి, ఆరిపోకపోతేనే దిగాలి. ఇవాళ మనం ‘నిజాన్ని పాతరేశారు’ అని టీవీ స్క్రోలింగుల్లో చదువుతాం చూడండి, ఆ మాట ఈ గొయ్యిలోంచే వచ్చింది. అయితే పాతరేసేది మళ్లీ తీసుకోవడానికి. టీవీ వాళ్లు ఆ సగం మర్చిపోయారు.

నేల పైన దాచేవి గాదెలు, గరిసెలు. గరిసె అనేది కొలత పేరు కూడా. కంపెనీ దొరలు దాన్ని గార్స్ అని రాసుకుని మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా ధాన్యం లెక్కలు దాంతోనే వేశారు. ఇక ఇంట్లో పిల్లికి అందకుండా ఉట్టి, ఎలక్కి అందకుండా కుండల దొంతర, పిల్లలకి అందకుండా అటక. గమనించారా, ప్రతిదానికీ ఒక శత్రువు ఉన్నాడు. సామాను ఆకారాన్ని డిసైడ్ చేసేది ఆ శత్రువే.

ఈ పాతర్లూ గాదెలూ ఖాళీ అయిపోతే ఏమవుతుందో గుంటూరు జిల్లా 1832–33లో చూసింది. నందన నామ సంవత్సరం కాబట్టి నందన కరువు అంటారు, జనం డొక్కలు ఎండిపోయాయి కాబట్టి డొక్కల కరువు అని కూడా అంటారు. ఐదు లక్షల జనాభాలో రెండు లక్షల మంది దాకా పోయారని చరిత్ర పుస్తకాలు రాస్తాయి. మన నిఘంటువుల బ్రౌన్ దొర అప్పుడు గుంటూరులోనే పని చేస్తున్నాడు. పైవాళ్లు కొరత, ఎద్దడి లాంటి మెత్తటి మాటలు వాడుతుంటే ఈయన నేరుగా కరువు అని రాశాడు, అందుకు చీవాట్లు తిన్నాడు. మాటల మనిషి కదా, మాట మార్చలేదు.

సరే, భోషాణం ధాన్యం కోసం కాదు. అది డబ్బు కోసం, బంగారం కోసం, కాగితాల కోసం. మరి మా వైపు పల్లెల్లోకి అంత డబ్బు ఎప్పుడు వచ్చింది?

1855కి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. తెనాలి, రేపల్లె వైపు డెల్టాకి కాలవలొచ్చాయి, వరి వచ్చింది. మెట్ట వైపు మాత్రం వానే దిక్కు. అక్కడ పండేది పత్తి, మిరప, జొన్న, పొగాకు. ఇంతలో 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. దక్షిణాది రాష్ట్రాల పత్తి ఇంగ్లండుకి ఆగిపోయింది. మాంచెస్టర్ మిల్లులు ఇండియా వైపు తిరిగాయి, పత్తి ధర ఎగిరింది. 1865లో యుద్ధం ఆగింది, ధర పడింది. కానీ ఆ నాలుగేళ్లలో నల్లరేగడి రైతుకి ఒక సంగతి అర్థమైంది: చేతిలో ఉన్నది తిండిగింజ కాకుండా సరుకు అయితే ఒక్కసారిగా రొక్కం వస్తుంది. మా గుంటూరు, కృష్ణా, నెల్లూరు వైపు పండే కొంచెం ఎర్రమట్టి రంగు పత్తిని లండన్ మార్కెట్లో కాకినాడ పేరు మీదే అమ్మేవారు. పండించేది మేము, పేరు రేవుది! ఆ మాటకొస్తే పత్తిని ఇప్పటికీ కాండీల్లోనే ధర కడతారు. ఒక కాండీ అంటే 356 కిలోలు. ఎందుకీ వంకర అంకె అంటే, అది 784 పౌండ్లు. దొరలు పోయారు, తూకం ఉండిపోయింది.

ఇప్పుడు లాజిక్ చూడండి. జీతగాడికి నెలనెలా డబ్బులొస్తాయి. రైతుకి పంట అమ్మినప్పుడు ఒక్కసారే వస్తుంది. వచ్చింది ఏడాదంతా ఆగాలి. బ్యాంకు లేదు. అంటే ఏడాది డబ్బు మొత్తం ఆ ఇంట్లోనే, చీకట్లో కూర్చోవాలి. భోషాణం ఆకారం అంతా ఇందులోంచే వచ్చింది. దానికి సొరుగులు ఉండవు, ఎందుకంటే రోజూ తెరిచేది కాదు. మా ఇంట్లో దానికి పై చెక్క మొత్తం తెరుచుకోదు, ఒక పక్క రెండడుగుల మూత మాత్రమే. మిగతాది పరుపు వేసుకోవడానికి. అవును, ఇంటి పెద్దాయన దాని మీదే పడుకునేవాడు. నిద్రపోతున్న మనిషే దాని రెండో తాళం. మీరు షాపులో కొని టీవీ కింద పెట్టుకునే పెట్టె ఒకప్పుడు మంచం, బ్యాంకు, సెక్యూరిటీ గార్డు.

ఇక చెక్క. పేద ఇంట్లో వేప, తుమ్మ. కాస్త ఉన్నవాళ్లకి మద్ది. ఇంకా ఉన్నవాళ్లకి టేకు. పాత సామాను అమ్మే ప్రతివాడూ వాడే మాట ‘బర్మా టేకు’. దీని వెనక నిజంగానే పెద్ద కథ ఉంది. 1852 యుద్ధంలో ఇంగ్లీషువాళ్లు దిగువ బర్మా, రంగూన్ తీసుకున్నారు. రంగూన్ నుంచి టేకు దూలాలు ఓడల్లో బంగాళాఖాతం దాటి మన రేవుల్లో దిగేవి. అవే ఓడల్లో మన తెలుగు కూలీలు రంగూన్ వెళ్లేవారు, కోరంగి రేవు పేరు మీద అక్కడ వీళ్లని కోరంగీలు అనేవారు. 1885లో జరిగిన మూడో యుద్ధానికి సాకు టేకే. బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ అనే కలప కంపెనీకి బర్మా రాజు వేసిన జరిమానా మీద గొడవ మొదలై రాజ్యమే పోయింది. 1899కి మద్రాసు–బెజవాడ రైలు మార్గం కలిశాక బరువైన సరుకు మా వైపు లోపలి ఊళ్లకి రావడం తేలికైంది. 1942లో జపాన్ బర్మాని ఆక్రమించాక ఆ సరఫరా తెగిపోయింది. కాబట్టి ‘ఒరిజినల్ బర్మా టేకు, 1960 నాటిది’ అని ఎవరైనా అంటే ఒకసారి ఆగి అడగండి.

పక్కన ఒక మాట. మన తెలుగు నేల నుంచి ప్రపంచానికి తెలిసిన పెట్టెలు వేరే ఉన్నాయి. విశాఖపట్నంలో కంసాలి పనివాళ్లు కంపెనీ అధికారుల కోసం చేసిన దంతపు పొదుగుడు పెట్టెలు, బల్లలు, బీరువాలు. దంతం మీద గీతలు చెక్కి అందులో నల్ల లక్క నింపేవారు. 18వ శతాబ్దానివి ఇవాళ లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి, వేలంలో కళ్లు తిరిగే రేట్లకి పోతాయి. అవి చేసినవాళ్ల వాడకానికి కాదు, ఓడ ఎక్కడానికి చేసినవి. అందుకే చిన్నవిగా, తేలిగ్గా, ఎత్తడానికి పిడులతో ఉంటాయి. మా భోషాణం దానికి పూర్తి ఆపోజిట్. అన్నట్టు దంతం ఉన్న వస్తువు ఎంత పాతదైనా మన దేశంలో కొనడం, అమ్మడం నేరం. ఆ జోలికి వెళ్లకండి.

హైదరాబాద్‌లో ఒక షాపు. పేరు చెప్పను. ఆయన ఒక నల్లటి పెట్టె చూపించి, ‘మేడమ్, ఇది రాజుల కాలం నాటిది, రెండొందల ఏళ్లు’ అన్నాడు. ధర అరవై ఐదు వేలు. నేను ఫోన్ టార్చ్ వేసి కింద కూర్చున్నా. మీరూ ఇలాగే చెయ్యండి, షోరూములో ముందు వైపు చూడటం వేస్ట్. ముందు వైపు పాలిష్ పెడతారు, అడుగున ఎవరూ పెట్టరు. అడుగు చెక్క మీద నా వేలికి ఏ ఎగుడుదిగుడూ తగల్లేదు, నున్నగా మెషిన్ కోత. పాత పనిలో బయట చిత్రిక పట్టి నున్నగా చేస్తారు, కనపడని అడుగున బాడిస దెబ్బలు అలాగే వదిలేస్తారు. చేత్తో తడిమితే అలలు అలలుగా తగులుతుంది. తర్వాత వెనక్కి వెళ్లా. వెనక చెక్క ప్లైవుడ్. బందులకి స్టార్ స్క్రూలు. ప్లస్ గుర్తు ఉండే ఆ స్క్రూ అమెరికాలో 1930ల్లో వచ్చింది. రెండొందల ఏళ్ల కింద రాజుగారికి ఎవరు బిగించారో మరి. స్క్రూ ఒక్కటే సాక్ష్యం కాదు, బందు ఊడితే తర్వాత ఎవరైనా కొత్తది వేసి ఉండొచ్చు. కానీ మూడూ కలిస్తే కథ తేలిపోయింది. ఆయన్ని అడిగితే, ‘డిజైన్ రెండొందల ఏళ్లది మేడమ్’ అన్నాడు. నేనేమీ గొడవ పెట్టుకోలేదు. టీ ఇచ్చాడు, తాగి వచ్చేశా.

ఇంకొన్ని గుర్తులు చెప్తా, రాసుకోండి. చెక్క నారకి అడ్డంగా ముడుచుకుంటుంది, పొడుగునా ముడుచుకోదు. కాబట్టి నిజంగా పాత పెట్టెలో పలకల మధ్య సన్నటి సందులు వస్తాయి. అన్నీ అతుక్కుపోయి బిగుతుగా ఉంటే అనుమానించండి. సందుల్లో లప్పం పెట్టి రంగేసి ఉంటే ఇంకా అనుమానించండి. మూలల్లో పలకలు వేళ్లలో వేళ్లు జొనిపినట్టు ఇమిడి ఉంటాయి, చేత్తో కోసినవి కాబట్టి ఒక వేలు లావు, ఒక వేలు సన్నం. అన్నీ ఒకే సైజులో ఉంటే మెషిన్. చిన్న చిన్న బెజ్జాల్లోంచి పిండి లాంటి పొడి రాలుతుంటే పుచ్చు ఇంకా బతికే ఉంది, ఆ పెట్టెతో పాటు మీ తలుపులకి, మంచానికి కూడా పురుగుని ఇంటికి తెచ్చుకుంటారు. పొడి లేకుండా పాత బెజ్జాలు మాత్రమే ఉంటే భయం లేదు. ముక్కు పెట్టి వాసన చూడండి. సిగ్గుపడకండి. కర్పూరం, కలరా ఉండలు, చింతపండు, ఏదో ఒకటి వస్తుంది. వార్నీషు వాసన ఒక్కటే వస్తే దాని వయసు మీ ఫోన్ వయసే. చివరగా చట్టం: 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటినవి పురావస్తువుల లెక్కలోకి రావచ్చు, వాటిని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న అన్నయ్యకి పంపిద్దాం అనుకునేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

సరే, మళ్లీ మా ఇంటికి. మా భోషాణం ఎప్పటిది? ఇంట్లో ‘రెండొందల ఏళ్లు’ అనే అనేవారు, షాపు ఆయన లాగే. అడుగున బాడిస దెబ్బలు ఉన్నాయి, ఇనప బందులు కొలిమిలో కొట్టినవి, కానీ లోపలి అర తలుపుకి మొనదేలిన మెషిన్ స్క్రూలు. నాన్నగారి లెక్క ప్రకారం మా ముత్తాత, అంటే తాతయ్య వాళ్ల నాన్న, 1920ల్లో వర్జీనియా పొగాకు మా ప్రాంతంలోకి వచ్చిన కొత్తలో నాలుగు డబ్బులు చూసి చేయించారు. అంటే వందేళ్లు. నాకు అదే నమ్మకంగా ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే భోషాణానికి కాలం చెల్లడం మొదలైందని మా ముత్తాతకి తెలిసుండదు. 1923లో రెండు జరిగాయి. బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకు పెట్టారు. బొంబాయిలో గోద్రెజ్ వాళ్లు స్టోర్‌వెల్ అనే ఉక్కు బీరువా తెచ్చారు. 1897లో తాళాలతో మొదలుపెట్టి, తర్వాత ఇనప్పెట్టెలు చేసి, అక్కడి నుంచి బీరువాకి వచ్చిన కంపెనీ అది. డబ్బు దాచడం బ్యాంకు తీసుకుంది, మిగతావి దాచడం బీరువా తీసుకుంది. పడుకున్న పెట్టె లేచి నిలబడింది. పై మూత పోయి ముందు తలుపు వచ్చింది, అరలు వచ్చాయి, నిలువుటద్దం వచ్చింది. భోషాణంలో ఏముందో ఎవరికీ కనపడకూడదు. బీరువా హాల్లోకి వచ్చి కూర్చుంది, అందరికీ కనపడాలని. పేరు కూడా దొరల ‘బ్యూరో’ నుంచి వచ్చిందే అంటారు, అలమారా పోర్చుగీసువాళ్ల నుంచి వచ్చినట్టు. పెట్టె మాత్రం మనదే.

పల్లెల్లోకి బీరువా వచ్చిన దారి బజారు కాదు, పెళ్లి. సారె సామానులో మంచం, పరుపు, బిందెలు, వాటి మధ్య తాళ్లతో కట్టిన బీరువా. ఐదొందల ఏళ్ల కింద ఇటలీలో, ఫ్లోరెన్సులో ఇలాంటిదే జరిగేది. పెళ్లికూతురి బట్టలు, నగలు పెట్టిన బొమ్మల పెట్టెని, కసోనే అంటారు, ఊరేగింపుగా అత్తారింటికి మోసుకెళ్లేవారు. వాళ్లకి మోసే మనుషులు, మనకి ట్రాక్టరు. తేడా అంతే.

మా అత్తయ్యకి, అంటే నాన్నగారి అక్కకి, 1979లో పెళ్లయింది. పత్తి బాగా ఆడుతున్న రోజులు. తెల్ల బంగారం అనేవారు. ఆకుపచ్చ బీరువా, లోపల లాకరు, రెండు తాళంచెవులు. నరసరావుపేట వెళ్లింది. అత్తయ్య ఎప్పుడూ ఒక మాట అంటుంది, ‘ఆ ఇంట్లో ఇరవై ఒక్క ఏళ్లు పెరిగాను, భోషాణం లోపల ఏముందో చూళ్లేదు. సారె బీరువా మాత్రం నా చేత్తో నేను తాళం తీశాను’ అని. నాయనమ్మ కూడా చూళ్లేదట. పద్దెనిమిదేళ్లకి కాపురానికి వచ్చి, దాని చుట్టూ రోజూ ఊడ్చింది, పండక్కి పసుపు రాసింది. తాళంచెవి తాతయ్య మొలతాడుకి ఉండేది.

తర్వాత 1987. గుంటూరు, ప్రకాశం పెద్దవాళ్లని ఎవరినైనా అడగండి, తెల్లదోమ అంటే చెప్తారు. పత్తి మీద కొత్తరకం పురుగుమందులు కొట్టీ కొట్టీ, మిత్ర పురుగులు పోయి, తెల్లదోమ మందుకి లొంగకుండా తయారైంది. ఆకులు జిగురుతో నల్లబడిపోయాయి. ఇంకో మందు, ఇంకో మందు. మందులన్నీ అరువు, షాపువాడే అప్పిచ్చేవాడు, వాడే ఏ మందు కొట్టాలో చెప్పేవాడు. 1987–88లో పంట పోయింది. ఈ రెండు జిల్లాల్లో పత్తి రైతులు ఆ మందే తాగి చనిపోయారు. రైతు ఆత్మహత్య అన్న మాట తెలుగు పేపర్లలో పెద్దగా కనపడటం మొదలైంది అక్కడి నుంచే. మా తాతయ్య చనిపోలేదు. భోషాణం తెరిచారు. అందులో ఉన్న బంగారం అమ్మారు, నాలుగెకరాలు అమ్మారు, మిగిలింది 1988లో నాన్నగారికీ బాబాయికీ పంపకం చేసి రిజిస్టర్ చేయించారు. అప్పుడు మొలతాడు నుంచి తాళంచెవి తీసి నాయనమ్మకి ఇచ్చారట. అందులో దాచడానికి ఏమీ మిగలనప్పుడు అది నాయనమ్మ చేతికి వచ్చింది.

నాయనమ్మ దాన్ని ఊరికే ఉంచలేదు. ఎండుమిరపకాయలు పోసింది. చింతపండు ఉండలు, కందిపప్పు, వేపాకు. నాకు తెలిసిన భోషాణం అదే. చిన్నప్పుడు మూత ఎత్తితే ఇంటిల్లిపాదికీ తుమ్ములు. నేనేమో అది కారం పెట్టె అనుకుంటూ పెరిగా.

ఇప్పుడు అసలు గొడవ. పాత ఇల్లు స్థలం అమ్మేస్తున్నారు, సంక్రాంతి తర్వాత పడగొడతారు. గోడ పడితేనే భోషాణం బయటికొస్తుంది, వందేళ్లలో మొదటిసారి. పాత సామాను కొనే ఒకాయన వచ్చి నలభై వేలు ఇస్తానన్నాడు. బాబాయి, ‘ఇద్దరం చెరో ఇరవై, పని అయిపోద్ది’ అన్నారు. నేను, ‘నాకు కావాలి, హైదరాబాద్ తీసుకెళ్తా, కావాలంటే నలభై నేనే ఇస్తా’ అన్నా. నా లిఫ్టు తలుపు 32 అంగుళాలని అప్పటికి కొలవలేదు లెండి. నాన్నగారు సరే అన్నట్టే ఉన్నారు. అప్పుడు అత్తయ్య ఫోన్ చేసింది. ‘ఏమ్మా, ముగ్గురు మాట్లాడుకున్నారు, నన్ను అడగాలని ఎవరికీ అనిపించలేదా?’ అంది.

నాకు నిజంగానే అనిపించలేదు. చట్టం లెక్క ప్రకారం కూడా మేం తప్పు చేయలేదు. చూడండి ఎలా ఉందో. 1985 సెప్టెంబరు 5 నుంచి మన రాష్ట్రంలో ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చారు, ఎన్టీఆర్ గవర్నమెంట్. దేశమంతా రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. కానీ అప్పటికే పెళ్లయిపోయిన వాళ్లకి ఆ చట్టం వర్తించదు. అత్తయ్య పెళ్లి 1979. 2005లో కేంద్రం చట్టం మార్చి పెళ్లైనా కాకపోయినా కూతురికి సమాన హక్కు అంది. అయితే 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాలని కదపకూడదు అంది. మా పంపకం 1988. రెండు చట్టాలూ వచ్చాయి, రెండింటికీ మధ్య సందులోంచి అత్తయ్య జారిపోయింది. ఆమె వాటాకి వచ్చింది ఆ ఆకుపచ్చ బీరువా, అంతే. నేను నెల రోజులు షాపుల్లో తిరిగి ‘ఈ పెట్టె ఎవరికి అందకుండా చేశారు’ అని అడుగుతున్నా, మా ఇంట్లో పెట్టెని అడగలేదు.

సంక్రాంతికి అత్తయ్య వచ్చింది. కనుమ రోజు మధ్యాహ్నం నాన్నగారు తాళంచెవి ఆమె చేతికిచ్చారు. ‘నువ్వే తియ్యక్కా’ అన్నారు. తాళం బిగిసిపోయి ఉంది, కొబ్బరినూనె వేసి తిప్పాం. మూత ఎత్తింది. తొంగి చూసింది. నాలుగు ఎండిపోయిన మిరపకాయలు, ఒక ఇత్తడి తవ్వ, లోపలి అరలో జార్జి చక్రవర్తి బొమ్మ ఉన్న స్టాంపు కాగితాలు నాలుగు, పత్తి అమ్మిన చీటీలు. అత్తయ్య వరసగా ఐదు తుమ్ములు తుమ్మింది. తర్వాత, ‘ఇంతేనా?’ అంది. కాసేపు ఎవరం మాట్లాడలేదు. కాసేపయ్యాక ఆమే, ‘నాకు కావాలిరా తమ్ముడూ, ఇది నాకు ఇచ్చెయ్యండి’ అంది. బాబాయి ఇరవై వేల గురించి ఒకసారి గొంతు సవరించుకున్నారు. పిన్ని చూసిన చూపుకి మళ్లీ ఎత్తలేదు.

నాకు బాధగా లేదని అబద్ధం చెప్పను. అప్పటికే నా మనసులో దాని మీద టీవీ, పక్కన మొక్క, పైన పసుపు లైటు, అన్నీ పెట్టేసుకున్నా.

గోడ పడ్డాక ఊరి వడ్రంగి తాత వచ్చి దాన్ని విప్పారు. పలకల మీద సుద్దతో క, ఖ, గ అని రాసుకున్నారు. మేకు ఒక్కటి కూడా విరగలేదు. ఇప్పుడు మా వైపు అలాంటి పని కొత్తగా చేయించేవాళ్లు లేరు, ఆయన చేసేది కిటికీ దోమతెరలు. దాచుకోవడం కూడా మారింది కదా. మిరప టిక్కీలు నేరుగా గుంటూరు కోల్డ్ స్టోరేజీలకి పోతున్నాయి. రైతు చేతికి వచ్చేది ఒక బాండు కాగితం, దాని మీద బ్యాంకులో అప్పు కూడా పుడుతుంది. పంట మొత్తం ఇంకెవరి గదిలోనో ఉంది, రైతు దాచుకునేది రసీదు. దానికి భోషాణం ఎందుకు, పాలిథిన్ కవరు చాలు.

ఇక నా సంగతి. అమ్మ 1993లో సారెగా తెచ్చుకున్న స్టీలు బీరువా ఊళ్లో ఖాళీగా ఉంటే అది తెచ్చుకున్నా. లోతు 19 అంగుళాలు, ఎత్తు ఆరున్నర అడుగులు, ఏ లిఫ్టులోనైనా నిలబెట్టి తీసుకురావచ్చు. మీరు సెకండ్ హ్యాండ్‌లో అలాంటిది చూస్తుంటే రేకు గేజు అడగండి. నంబరు తగ్గితే రేకు మందం, 20 గేజు అంటే 22 కన్నా గట్టిది. కాళ్ల దగ్గర, అడుగు రేకు దగ్గర తుప్పు చూడండి, ఇల్లు కడిగిన నీళ్లన్నీ అక్కడే తాగుతుంది. హ్యాండిల్ తిప్పితే గడియలు పైకీ, కిందకీ, పక్కకీ ఒకేసారి కదలాలి. లాకరు తాళంచెవి రెండూ ఇస్తేనే కొనండి. పెయింటుకి నాకు మూడు వేలైంది. అమ్మ ఒక తాళంచెవి నాకిచ్చి, రెండోది తన దగ్గరే పెట్టుకుంది. ఎందుకమ్మా అంటే, ‘ఉండనీ’ అంది.

నిన్న అత్తయ్య వీడియో కాల్ చేసింది. నరసరావుపేట ఇంటి వరండాలో భోషాణం మళ్లీ కట్టేశారు. బిగించేటప్పుడు ఎక్కడో క, ఖ తారుమారయ్యాయట, మూత ఇప్పుడు అటు పక్క తెరుచుకుంటోంది. రోజూ మధ్యాహ్నం దాని మీదే పడుకుంటోంది. తాళం వెయ్యలేదు. మిరప ఘాటు పోవాలని మూత కింద ఒక పుల్ల పెట్టి తెరిచే ఉంచింది.

మీ ఇళ్లల్లో ఇలాంటి పెట్టె ఉంటే దాని కొలతలు, తాళంచెవి ఎవరి దగ్గర ఉండేదో నాకు రాయండి. వచ్చే ఎపిసోడ్ తిరగళ్ల మీద. ఉంటానండి.